అప్పగించని ఇంటికి తలుపు

పిండి మర వెనక గదిలో కాపురం ఉండేవాళ్ళకి తెల్లారడం చప్పుడుతో మొదలవుతుంది. మర తిరిగితే గోడ వణుకుతుంది. గోడ వణికితే మంచం వణుకుతుంది. కాసేపటికి కిటికీ సందులోంచి తెల్లటి దుమ్ము వచ్చి గిన్నెల మీద, దుప్పటి మీద, అద్దం మీద కూర్చుంటుంది. వడ్రంగి భార్య లేవగానే ఆ దుమ్ము తుడిచేది. తుడవడం అయ్యాక వాళ్ళమ్మ పక్కన కూర్చుని వీపు రాసేది. అప్పుడు ఆసుపత్రికి పనికి పోయేది. అక్కడ రోగుల దుప్పట్లు ఉతికే గదిలో ఆమె పని.

ముసలావిడది పాత దగ్గు కాదు. ఈ గదికి వచ్చాక పట్టుకున్నది. డాక్టరు గొట్టం పెట్టి చూసి, మందు రాసి, కలానికి మూత పెడుతూ అన్నాడు.

"మందు నేనిస్తాను. గాలి నేనివ్వలేను కదా. ముందు ఆ గదిలోంచి ఈమెని తీసేయండి."

ఒంట్లో సత్తువ తగ్గింది గాని ముసలావిడకి నోరు తగ్గలేదు. "ఇంత పిండి నా మీద పడుతోంది. కాసిని నీళ్ళు చల్లితే నన్నే ముద్ద చేసి పెనం మీద వేసుకోవచ్చు" అనేది. కూతురు నవ్వేది. అల్లుడు నవ్వాడో లేదో చెప్పాలంటే మీసం చూడాలి. మీసం కొంచెం కదిలితే అది నవ్వు. వడ్రంగి అంత తక్కువ మనిషి మాటల్లో. అతను పనిచేసే చెక్కల కొట్లో తోటివాళ్ళు అతన్ని మూగమేస్త్రి అనేవాళ్ళు. దానికీ అతను ఏమీ అనలేదు.

గది ఇచ్చినాయన గోడకి మేకు కొట్టనివ్వడు. ఉన్న ఒక్క అర పైకప్పుకి దగ్గరగా ఉంది. వడ్రంగి భార్య పొట్టి మనిషి. పప్పు డబ్బా కావాలన్నా ఉప్పు కావాలన్నా స్టూలు లాక్కుని ఎక్కాలి. ఆ స్టూలు మొగుడు చేసి ఇచ్చిందే. గట్టి స్టూలు. ఎక్కినప్పుడల్లా ఆమె ఒకటే మాట అనేది.

"మన ఇంట్లో ఈ ఎక్కడం దిగడం ఉండకూడదయ్యా."

మన ఇల్లంటే అప్పటికి కట్టని ఇల్లు. ఊరి చివర ఒక కంపెనీ అంతస్తుల మీద అంతస్తులు వేస్తానంటే, ఇద్దరూ దాచుకున్నదంతా పోసి, మిగతాది బ్యాంకులో తీసుకుని, పై అంతస్తుల్లో ఒక చిన్న వాటా రాయించుకున్నారు. ఒప్పందంలో భార్య పేరు ముందు, అతని పేరు వెనక. ఎప్పటికి ఇల్లు అప్పగిస్తారో తేదీ కూడా అందులోనే ఉంది. ఆ తేదీ వచ్చింది, వెళ్ళింది. ఆ పైన ఒక వానాకాలం వెళ్ళింది. ఇంకో వానాకాలం కూడా వచ్చేసింది.

కంపెనీ మేనేజరు మంచివాడిలా మాట్లాడేవాడు. వెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. ఒకసారి ఇసక రాలేదన్నాడు. ఒకసారి కూలీలు వెళ్ళిపోయారన్నాడు. ఒకసారి పై నుంచి సంతకం కాలేదన్నాడు. మూడోసారి వడ్రంగి భార్య గ్లాసు ముట్టుకోకుండా పక్కకి జరిపింది.

"మీ టీ తాగడానికి మేం బస్సెక్కి రావాలా అండీ. మా వీధి చివర కూడా అమ్ముతారు."

మేనేజరు నవ్వాడు. పని మాత్రం ముందుకి జరగలేదు.

వడ్రంగి ఈ మాటల్లో ఎప్పుడూ భార్య వెనక నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. అయితే ఒక ఆదివారం, వాన పట్టుగా కురుస్తున్నప్పుడు, ఒక్కడే ఆ కట్టడం దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో తనకే తెలీదు. గేటు దగ్గర కాపలా ముసలాయన రేకు కింద కూర్చుని ఉన్నాడు. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని ఈల తాత అంటారు.

"మీ ఇల్లే కదయ్యా, పోయి చూసుకో. మెట్ల మీద జాగర్త. పట్టుకోడానికి ఏమీ ఉండదు" అన్నాడు.

వడ్రంగి ఎక్కి చూశాడు. గోడలు ఉన్నాయి. కప్పు ఉంది. వీధి గుమ్మానికి ద్వారబంధం ఉంది, తలుపు లేదు. వానంతా లోపలికి కొడుతోంది. వంటగదిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒక మూల కుక్క పడుకుని ఉంది. అది అతన్ని చూసి లేవను కూడా లేవలేదు. ఆ ఇంట్లో అప్పటికి దానికే చనువెక్కువ.

వడ్రంగి ద్వారబంధం మీద చెయ్యి పెట్టి చూశాడు. ఎవరో హడావుడిగా నిలబెట్టారు. ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇంకెవరైనా అయితే కంపెనీని తిట్టుకుని దిగిపోయేవాళ్ళు. అతను జేబులోంచి దారం తీసి కొలుచుకున్నాడు.

చెక్క అతని దగ్గర ఉంది. ఒక పాత మిద్దె పడగొడుతుంటే కొన్న దూలాలు. ఇల్లు రాయించుకున్న రోజునే కొని కొట్టు వెనక పేర్చి, పైన టార్పాలిను కప్పి ఉంచాడు. సాయంత్రం పని అయ్యాక అందరూ వెళ్ళిపోతే కాసేపు చిత్రిక పట్టేవాడు. ఆదివారాలు ఈల తాత దగ్గరికి వెళ్ళేవాడు. ఈల తాత మంచం కోడు విరిగి ఉంటే బాగుచేసి పెట్టాడు. దాంతో ఆయన అడగడం మానేశాడు.

"ఆదివారం కూడా పనేనా" అని భార్య అడిగితే, "పనే" అనేవాడు. అది అబద్ధం కాదు. అందుకని తేలిగ్గానే వచ్చేది నోటికి.

ముందు ద్వారబంధం సరిచేశాడు. తర్వాత తలుపు ఎక్కించాడు. ఒంటి రెక్క తలుపు, మూడు మడతబందులు, ఇత్తడి గడియ. మూస్తే చప్పుడు లేదు, తీస్తే చప్పుడు లేదు. దానికి తాళం వేశాడు. తలుపు పెట్టాక తాళం వెయ్యకుండా వదలడం అతనికి చేతకాదు. కుక్క వేరే వాటా చూసుకుంది. ఆ తర్వాత వంటగదిలో చెక్క అరలు కొట్టాడు. వాటి ఎత్తు కొలవడానికి అతనికి దారం అక్కర్లేకపోయింది.

ఇదంతా ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే, వాన లోపలికి కొడుతోంది అనేవాడు. అంతకన్నా అతను ఆలోచించలేదు.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ మేనేజరు ఒక కాయితం తెచ్చాడు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా తీసుకోండి, తాళం చెవి ఇప్పుడే ఇచ్చేస్తాం, మిగతా పని మీరే చేయించుకోండి, కొంత తగ్గిస్తాం, ఇదిగో ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. వడ్రంగి భార్య కలం పట్టుకుంది. పట్టుకుని మళ్ళీ పెట్టేసింది. ఆసుపత్రిలో తనతో పనిచేసే ఆమె చెల్లెలికి ఇలాంటి గొడవే అయితే ఒక లాయరమ్మ తేల్చిందని విన్నది గుర్తొచ్చింది.

"చూపించి తెస్తానండీ" అని కాయితం మడిచి సంచిలో పెట్టుకుంది.

లాయరమ్మ గది కాయితాలు జిరాక్సు తీసే కొట్టు పైన ఉంది. మెట్లెక్కుతుంటే ఇంకు వాసన. లాయరమ్మ నడివయసు మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కాయితం ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. చదివి బల్ల మీద బోర్లా పెట్టింది.

"దీని మీద సంతకం పెట్టి ఉంటే నా దగ్గరికి వచ్చీ లాభం ఉండేది కాదు. ఇల్లు స్వాధీనం చేసుకున్నాం, మాకు ఏ ఫిర్యాదూ లేదు అని రాసి ఉంది ఇందులో. అడుగున, చిన్న అక్షరాల్లో."

వడ్రంగి భార్య మొగుడి వంక చూసింది. అతను కిటికీ చట్రం చూస్తున్నాడు.

"ఇప్పుడు మాకు ఏం దారి ఉందమ్మా" అంది.

"రెండు దార్లున్నాయి. ఒప్పుకున్న తేదీకి ఇల్లు ఇవ్వలేదు కాబట్టి, మాకీ ఇల్లు వద్దు, కట్టిన డబ్బు వడ్డీతో వాపసు ఇప్పించండి అనొచ్చు. లేదూ, మాకు ఇల్లే కావాలి అంటారా, తాళం చెవి ఇచ్చేదాకా నెలనెలా ఆలస్యానికి వడ్డీ కట్టమని అడగొచ్చు. ఏది కావాలో ఎంచుకునేది మీరు. కంపెనీ కాదు. ఇలాంటి ఫిర్యాదులు వినడానికే ఒక కార్యాలయం ఉంది. పెద్ద కోర్టంత తిప్పరు అక్కడ."

"డబ్బే ఇప్పించండి" అంది వడ్రంగి భార్య. ఆలోచించలేదు. "మా అమ్మని ఆ పిండిలోంచి తీసెయ్యాలి. కట్టేదాకా ఆగే ఊపిరి లేదు ఆమెకి."

లాయరమ్మ వడ్రంగి వంక చూసింది. "మీరేమంటారు?"

"ఆవిడ చెప్పింది కదండీ" అన్నాడు.

లాయరమ్మ రాసుకుంది. రాసుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "ఒక్క సంగతి. ఈలోగా మీరు ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు కదా? సామాను గట్రా ఏమీ పెట్టలేదు కదా? ఇలాంటి వాటికోసం వాళ్ళు కాచుకుని ఉంటారు. పెట్టారని తెలిస్తే, ఇంకేం, ఇల్లు తీసేసుకున్నారుగా అంటారు."

"అక్కడ పెట్టడానికి ఏముందమ్మా, గాలి తప్ప" అంది వడ్రంగి భార్య.

వడ్రంగి మళ్ళీ కిటికీ చట్రం వంక తిరిగాడు. అతనికి మాట రాకపోవడం కొత్త కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం సంచి తీసుకుని కట్టడం దగ్గరికి పోయాడు. తలుపు ఊడదీసేద్దామనే పోయాడు. పై బందుకి ఒక మరమేకు తీశాడు. అప్పుడు ఈల తాత రొప్పుకుంటూ పైకొచ్చాడు. ఆయన అన్ని మెట్లెక్కడం ఎవరూ చూడలేదు అంతకుముందు.

"నీకు చెబుదామనే చూస్తున్నా. మొన్న మేనేజరు వచ్చాడు. ఫోటోలు తీసుకున్నాడు. వరండా వైపు కిటికీలోంచి చెయ్యి పెట్టి వంటగది కూడా తీశాడు. తలుపు బలే ఉందే అన్నాడు."

వడ్రంగి మరమేకు వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"మెచ్చుకున్నాడనే అనుకున్నానయ్యా నేను" అన్నాడు ఈల తాత. "ఏం, కాదా? పోనీ పీకెయ్. నన్నడిగితే చూళ్ళేదంటా. నాకు ఎలాగూ చూపానదు."

"ఫోటోలో ఉందిగా."

"ఉంటే?"

"ఉన్నదాన్ని లేదనడం నావల్ల కాదు తాతా."

మరమేకు మళ్ళీ బిగించాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు భార్యకి చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి ఆమె స్టూలెక్కి అర మీద దుమ్ము తుడుస్తోంది. ముసలావిడ గోడకి ఆనుకుని దగ్గుతోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఏంటయ్యా అలా నిలబడ్డావు, ఆ గుడ్డ అందుకో" అంది భార్య. అతను గుడ్డ అందుకుని ఇచ్చాడు. మాట వెనక్కి పోయింది. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాడు కూడా అంతే అయింది.

విచారణ జరిగిన గది చిన్నది. ఒక పొడుగు బల్ల, నాలుగైదు కుర్చీలు, తిరుగుతూ టకటకలాడే ఫ్యాను. వినే అధికారి పెద్దాయన. జలుబు చేసి ఉంది ఆయనకి. ముక్కు తుడుచుకుని రుమాలు కాయితాల కట్ట మీద పెట్టేవాడు, మళ్ళీ అది కనపడక వెతుక్కునేవాడు. ఇటు లాయరమ్మ, వడ్రంగి, అతని భార్య. అటు మేనేజరు, కంపెనీ లాయరు. కంపెనీ లాయరు కుర్రవాడు. బూట్లు మెరుస్తున్నాయి.

లాయరమ్మ చెప్పాల్సింది పొట్టిగా చెప్పింది. ఒప్పందం తేదీ ఇది. ఇవాళ్టి తేదీ ఇది. ఇల్లు ఇవ్వలేదు. డబ్బు వడ్డీతో ఇప్పించండి.

కంపెనీ లాయరు లేచాడు. వాళ్ళు ఇల్లు ఎప్పుడో స్వాధీనం చేసుకున్నారండీ అన్నాడు. ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. ఒకటి తలుపుది. ఒకటి తాళానిది, దగ్గర్నుంచి. ఇంకోటి వంటగది అరలది.

వడ్రంగి భార్య మొదట అర్థం కాక చూసింది. ఎవరిదో ఇల్లనుకుంది. తర్వాత తలుపు అంచు చూసింది. అంచుకి లోపలి వైపు సన్నగా గాడి తీసి ఉంది. ఆ గాడి స్టూలుకీ ఉంది, మంచానికీ ఉంది. ఆమె మెల్లిగా తల తిప్పి మొగుడి వంక చూసింది. లాయరమ్మ కూడా చూసింది. ఆమె కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది.

"ఈ తలుపు ఎవరిది?" అన్నాడు అధికారి.

లాయరమ్మ నోరు తెరిచేలోపు వడ్రంగి లేచి నిలబడ్డాడు.

"నాదేనండి."

"కంపెనీ పెట్టించింది కాదా?"

"కాదండి. నేను చేశాను. నేను పెట్టాను. అరలు కూడా."

కంపెనీ లాయరు చేతులు కట్టుకుని మేనేజరు వంక చూసి తలూపాడు. "లోపలికి ఎవరు రానిచ్చారు మిమ్మల్ని? తలుపెవరు తీశారు?" అన్నాడు.

వడ్రంగి కాస్త ఆలోచించాడు. "తలుపు లేదండి అప్పుడు."

అధికారి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. తుమ్మాడో నవ్వాడో తెలీలేదు. రుమాలు తీసి అడిగాడు.

"ఎందుకు పెట్టావు?"

"వాన లోపలికి కొడుతోందండి."

"ఆ ఇంట్లో పడుకున్నావా ఒక్కరోజైనా?"

"లేదండి."

"నీళ్ళొస్తాయా అక్కడ?"

"పై నుంచి వస్తాయండి, వానొస్తే."

"కరెంటు?"

"లేదండి."

అధికారి కంపెనీ వైపు తిరిగాడు. కట్టడం పూర్తయింది, మనుషులు ఉండొచ్చు అని పైవాళ్ళు ఇచ్చే పత్రం వచ్చిందా అని అడిగాడు. మేనేజరు కంపెనీ లాయరు వంక చూశాడు. త్వరలో వస్తుందండి అన్నాడు. మెట్లకి పట్టుకునే కమ్మీలు పెట్టారా అని అడిగాడు. అవీ త్వరలోనేనన్నాడు మేనేజరు.

"అయితే మీరు అప్పగించడానికి అక్కడ ఇల్లు లేదు. అప్పగించనిదాన్ని ఈయన తీసుకోవడం ఎలా కుదురుతుంది? తలుపు బిగించినవాడిదే ఇల్లయితే ఊళ్ళో సగం ఇళ్ళు వడ్రంగులవే కావాలి." ఫోటో చేత్తో పక్కకి జరిపాడు. "మనుషులు ఉండొచ్చన్న పత్రం లేకుండా స్వాధీనం లేదు. ఆ వాదన ఆపండి."

లాయరమ్మ ఊపిరి వదిలింది. కంపెనీ లాయరు కూర్చోలేదు. బూట్ల వంక చూసుకుని ఇంకో మాట పట్టుకున్నాడు.

"సరేనండి. కానీ ఈయన మనసులో ఏముందో కనపడుతూనే ఉంది. డబ్బు వాపసు కావాలనుకునేవాడు తలుపు పెట్టి, తాళం వేసి, అరలు కొడతాడా? ఈయనకి ఇల్లే కావాలి. ఫిర్యాదులో రాసింది ఈయన మాట కాదు. ఇంకొంచెం గడువిస్తే ఇల్లు ఇచ్చేస్తాం."

ఈ ఒక్క మాటలో నిజం ఉంది. ఆ గదిలో అది అందరికంటే బాగా తెలిసింది వడ్రంగికి. తెలిసిన రెండో మనిషి అతని భార్య.

అధికారి ఇద్దర్నీ చూశాడు. "ఇది మీరు తేల్చాలి. డబ్బా, ఇల్లా? ఇల్లంటే, వాళ్ళు తాళం చెవి ఇచ్చేదాకా నెలనెలా వడ్డీ కట్టిస్తాను. డబ్బంటే, కట్టింది వడ్డీతో ఇప్పిస్తాను. ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఇద్దరూ చెప్పాలి. ముందు పేరు మీదేనమ్మా."

వడ్రంగి భార్య అరల ఫోటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఫ్యాను టకటకలాడుతోంది.

"ఎంత ఎత్తులో కొట్టావు ఇవి?" అంది. మొగుణ్ణే అడిగింది, తల తిప్పకుండా.

"నీ చెయ్యి అందేంత."

"స్టూలు లేకుండానా?"

"ఊఁ."

ఆమె ఫోటో తిన్నగా బల్ల మీద పెట్టి, మిగతా వాటితో అంచు కలిపి సర్దింది.

"అరలు బాగున్నాయండి" అంది అధికారితో. "డబ్బు ఇప్పించండి."

"మీరు?" అన్నాడు అధికారి వడ్రంగిని.

వడ్రంగి ఫోటో వంక చూశాడు. తలుపు మూసి ఉంది అందులో. మూసిన తలుపు ఎంత బాగా మూసుకుందో ఫోటోలో కూడా తెలుస్తోంది. చుట్టూ ఒక సన్నగీత తప్ప సందు లేదు. ఇలా అందరూ తన నోటి వంకే చూస్తుండడం అతనికి ఎప్పుడూ ఎదురు కాలేదు. అతని చెవుల్లో వినపడింది మాత్రం మర చప్పుడు, దాని వెనక దగ్గు.

"డబ్బేనండి" అన్నాడు.

అధికారి రాసుకున్నాడు. కంపెనీ లాయరు చివరి ప్రయత్నంగా, గోడకి బిగించినవి కట్టడంలో భాగం కాబట్టి తలుపూ అరలూ కంపెనీకే చెందుతాయన్నాడు. అధికారి తలెత్తలేదు. "గోడ పగలకుండా తీసుకెళ్ళమనండి. తలుపు లేకుండానే కదా ఇద్దామనుకున్నారు మీరు" అన్నాడు.

బయట మెట్ల మీద లాయరమ్మ వడ్రంగిని ఆపింది. "నన్ను చంపారు మీరు ఇవాళ. నాతోనైనా ముందు చెప్పి ఉండొచ్చు కదండీ."

"చెబుదామనుకున్నానండి."

"ఎప్పుడు?"

లాయరమ్మ నుదుటి మీదికి కళ్ళజోడు తోసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా భార్య కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నె తీసేది, అంతే. ముసలావిడకి తోచలేదు. "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్క మూగాయనే ఉన్నాడని ఏడ్చాను. ఇప్పుడు జత కుదిరింది. ఇక నేను మరతో మాట్లాడుకోవాలి" అంది. మర నిజంగానే చప్పుడు చేసింది. "అదిగో, అదైనా పలుకుతోంది" అంది.

ఆదివారం వడ్రంగి సంచి సర్దుకుంటుంటే భార్య చెప్పులేసుకుంది.

"నేనూ వస్తా."

కమ్మీలు లేని మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. తలుపు ముందు ఆగింది. అతను తాళం తీసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె తలుపుని ఒక వేలితో తోసింది. అది తెరుచుకుంది. మళ్ళీ లాగింది. మూసుకుంది. రెండు మూడుసార్లు అలాగే చేసింది. తర్వాత వంటగదిలోకి పోయి అర మీద అరచెయ్యి ఆనించింది. మునివేళ్ళ మీద లేవక్కర్లేకపోయింది.

"ఎప్పట్నుంచి చేస్తున్నావు ఇదంతా?"

"వాన మొదలైనప్పట్నుంచి."

"ఎవరితోనైనా చెప్పావా?"

"ఎవరితో చెప్పాలి?"

"నాతో."

వడ్రంగి సంచిలోంచి మరమేకులు తిప్పే పనిముట్టు తీశాడు. "చెబితే వద్దనేదానివి" అన్నాడు.

"వద్దనేదాన్నే" అంది ఆమె. "వద్దన్నా నువ్వు చేసేవాడివి. కనీసం ఆదివారం అన్నం డబ్బాలో పెట్టి పంపేదాన్ని కదా. ఏం తిన్నావు ఇక్కడ?"

"ఈల తాత ఇంత పెట్టేవాడు."

"బాగుంది. నా మొగుడికి కాపలా ఆయన తిండి పెట్టాడు. కంపెనీ చేసిన సాయం అదొక్కటే."

అతని మీసం కదిలింది. ఆమె చూసింది గాని చూడనట్టు తిరిగింది. అతను బందులు ఊడదీస్తుంటే తలుపు పడకుండా పట్టుకుంది. తలుపు దించాక ఆ గుమ్మం మళ్ళీ మొదటిలాగే అయింది. వంటగది అరలూ విప్పి కట్ట కట్టారు. ఈల తాత కింద ఇద్దరు కూలీలని పిలిచి పెట్టాడు. తలుపు మెట్లు దిగుతుంటే ఆయన ఈల నోట్లో పెట్టుకుని, బరువైన సామాను వచ్చినప్పుడు ఊదినట్టే ఊదాడు. ఎవరూ అడ్డం లేరు. అలవాటుగా ఊదాడంతే.

తీర్పు వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాలేదు. డబ్బు కట్టమని కంపెనీకి ఇచ్చిన గడువు వెళ్ళిపోయింది. మేనేజరు ఫోను ఎత్తడం మానేశాడు. లాయరమ్మ మళ్ళీ అదే కార్యాలయానికి వెళ్ళి, తీర్పు అమలు కాలేదని రాసి ఇచ్చింది. అక్కడి నుంచి కట్టని పన్నులు వసూలు చేసేవాళ్ళకి ఉత్తరువు వెళ్ళింది. కంపెనీ మీద పన్ను బాకీ వసూలు చేసినట్టే దీన్నీ వసూలు చెయ్యమని. వాళ్ళు వచ్చి ఆఫీసు గదికి నోటీసు అంటించారు. ఆఫీసుకి తాళం పడుతుందనేసరికి కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచో దొరికింది. అప్పటికి ఇంకో వానాకాలం దగ్గరపడింది. ఈలోగా తలుపు పిండి మర వెనక గదిలోనే గోడకి వారగా నిలబడి ఉంది. దాని వెనక్కి కూడా పిండి చేరేది. వడ్రంగి భార్య రోజూ దాన్నీ తుడిచేది.

బ్యాంకు బాకీ తీర్చేయగా మిగిలిన దాంతో ఒక పాత ఇల్లు కొన్నారు. చిన్నది. ఒక గది, ఒక వంటగది, వెనక కాస్త జాగా. పాత ఇల్లే అయినా కట్టేసిన ఇల్లు. వెళ్ళి గోడ తట్టి చూసుకోవచ్చు. లాయరమ్మ కాయితాలన్నీ చదివి, అడుగున చిన్న అక్షరాలు కూడా చదివి, ఈసారి సంతకం పెట్టమంది.

ఆ ఇంటి గుమ్మం చిన్నది. తలుపు పట్టలేదు. కొట్లో వాళ్ళంతా చుట్టూ కోసేస్తే సరిపోతుంది కదా అన్నారు. వడ్రంగి రంపం తీసుకుని తలుపు ముందు కూర్చున్నాడు. కాసేపు కూర్చుని లేచి, తాపీమేస్త్రిని పిలుచుకొచ్చాడు. గోడ కొట్టించి గుమ్మం పెద్దది చేయించాడు.

"గోడ పడగొట్టాడు గాని తలుపు ముట్టుకోలేదమ్మా" అంది భార్య వాళ్ళమ్మతో. "ఇల్లు కొని తలుపు పెట్టడం అందరూ చేస్తారు. ఈయన తలుపు కోసం ఇల్లు కొన్నాడు."

"పోనీలే. గాలి బాగా వస్తోంది" అంది ముసలావిడ.

వంటగదిలో అరలు ఈ ఇంటి గోడకి ఎక్కాయి, అదే ఎత్తులో. స్టూలుతో పని లేకుండా పోయింది. దాన్ని ముసలావిడ తీసుకుని ఆ తలుపు పక్కన వేసుకుంది. పొద్దున్నే అక్కడ కూర్చుని వీధి చూసేది. దగ్గు పూర్తిగా పోలేదు. రోజులో ఎప్పుడైనా ఒకసారి వచ్చేది. వచ్చినప్పుడు లోపలి నుంచి కూతురు, "అమ్మా, తలుపెయ్యనా?" అనేది.

"వెయ్యకు" అనేది ముసలావిడ.